'పచ్చడి' ఫైలు 'ప' దగ్గరే ఎందుకు ఆగింది?

బేసిక్‌లో స్క్రీన్ మీద నాలుగు మాటలు రాయడం ఎవరికైనా ఒక పూటలో వచ్చేస్తుంది. ఆ నాలుగు మాటల్నే ఫైల్లో దాచి, మర్నాడు తెరిచి, పెట్టినవి పెట్టినట్టు బయటికి తీయడంలోనే ఉంది అసలు తిప్పలంతా. అక్షరం వేరు, ఆజ్ఞ వేరు అన్న తేడా ఫైలుకి తెలీదు. దానికి అన్నీ 0 నుంచి 255 దాకా ఉన్న అంకెలే. 65 అంటే ఇంగ్లిష్ పెద్ద 'ఏ'. 7 అంటే గంట కొట్టు. 12 అంటే కాగితం మార్చు. 26 అంటే ఇక చాలు, ఫైలు అయిపోయింది. ఏ అంకెను ఎవరు ఎలా అర్థం చేసుకుంటారన్నది చదివే ప్రోగ్రాం ఇష్టం. అక్కణ్ణుంచి పుట్టుకొచ్చిన విశేషాలు కొన్ని ఇవి.

మొదట్లో ఈ గొడవే లేదు

బేసిక్ పుట్టింది 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటలకి. అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు జీఈ-225 కంప్యూటర్ మీద దాన్ని నడిపించారు. ఆ తొలి బేసిక్‌లో మాటల్ని దాచుకునే వేరియబుల్ అసలు లేదు. ఉన్నవన్నీ అంకెలవే. పేరు కూడా ఒక్క ఇంగ్లిష్ అక్షరం, లేదంటే అక్షరం పక్కన ఒక అంకె. అంటే మొత్తం 286 పేర్లు, అంతే. కొటేషన్లలో పెట్టిన మాటని ప్రింట్ చేయొచ్చు తప్ప దాచడానికి వీల్లేదు. దాచేది లేనప్పుడు పాడయ్యేదీ లేదు.

1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం రాసిన బేసిక్‌లో కూడా చిన్నదైన 4కే రకానికి మాటల వేరియబుళ్లు లేవు. అవి కావాలంటే 8కే రకం తీసుకోవాలి. పేరు చివర డాలర్ గుర్తు తగిలించి ఏ$, బీ$ అంటూ మాటల్ని దాచడం మొదలయ్యాకే ఈ కథంతా.

కంచే చేను మేసిన చోటు

మాట ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో బేసిక్‌కి చెప్పేవి రెండు కొటేషన్ గుర్తులు. మరి ఆ మాటలోనే కొటేషన్ గుర్తు ఉంటే? కంచే చేను మేసినట్టే. సీ భాషలో ఇలాంటి చోట ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోతుంది. పాత బేసిక్‌లో ఆ వెసులుబాటు లేదు.

తమాషా ఏమిటంటే, డాస్ కంప్యూటర్ల జీడబ్ల్యూ-బేసిక్‌లో ప్రతిసారీ తప్పు కూడా చూపించదు. ఈ లైను కొట్టి చూడండి:

ప్రింట్ "హీ సెడ్ "హలో" టు మీ"

ఇంగ్లిష్ అక్షరాల్లో ఇదే కొడితే స్క్రీన్ మీద వచ్చేది 'హీ సెడ్ 0 టు మీ' అని. రెండో కొటేషన్‌తో మొదటి మాట ముగిసిపోయింది. హలో అన్నది కొటేషన్ల బయట పడింది కాబట్టి దాన్ని వేరియబుల్ పేరు అనుకుంది. దానికి ఎవరూ విలువ ఇవ్వలేదు, అందుకని సున్నా. నిజానికి సింటాక్స్ ఎర్రర్ అని మొహం మీద చెప్పడమే మేలు. ఇలా నిశ్శబ్దంగా సున్నా వేసుకుని పోయే తప్పును పట్టుకోవడానికి బోలెడు సమయం పోతుంది.

మందు ఒక్కటే: సీహెచ్‌ఆర్$(34). అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో కొటేషన్ గుర్తు నంబరు 34. గుర్తును నేరుగా కొట్టకుండా దాని నంబరు చెప్పి పిలవడమన్నమాట. కొంచెం తెలివైనవాళ్లు ప్రోగ్రాం మొదట్లోనే క్యూ$ = సీహెచ్‌ఆర్$(34) అని పెట్టుకుని, ఆపైన అంతటా క్యూ$ వాడేవారు. అలా రాసిన ప్రోగ్రాం చదవడానికి కూడా హాయిగా ఉంటుంది.

బీబీసీ మైక్రో, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ల బేసిక్‌లు వేరే దారి పట్టాయి. మాట లోపల పక్కపక్కనే రెండు కొటేషన్లు కొడితే ఒకటిగా లెక్క. విజువల్ బేసిక్‌దీ ఇదే పద్ధతి. అందుకే విజువల్ బేసిక్ ప్రోగ్రాముల్లో వరసగా నాలుగు కొటేషన్లు """" కనిపిస్తాయి. కొత్తవాళ్లు చూసి ఏదో పొరపాటున కీ నొక్కుకుపోయిందనుకుంటారు. చివర్లవి రెండూ హద్దులు, నడుమ రెండూ కలిసి ఒక్క గుర్తు.

అరంగుళం పైపు

ఇంగ్లిష్‌లో అంగుళానికి వాడేదీ అదే గుర్తు. హార్డ్‌వేర్ షాపు స్టాకు జాబితా బేసిక్‌లో రాసుకున్నవాళ్లకి ఈ చిక్కు తప్పదు. 'పైప్ 1/2"' అన్న సరుకు పేరుని, 40 అన్న సంఖ్యని రైట్ #1 అనే ఆజ్ఞతో ఫైల్లో వేస్తే అది చక్కగా చుట్టూ కొటేషన్లు పెట్టి, మధ్య కామా పెట్టి ఇలా రాస్తుంది:

"పైప్ 1/2"",40

చూడ్డానికి బాగానే ఉంది. తిరిగి ఇన్‌పుట్ #1తో చదివేటప్పుడు మాత్రం 1/2 తర్వాతి గుర్తునే ముగింపు అనుకుంటుంది. మిగిలిన కొటేషన్ తర్వాతి అంశం నెత్తిన పడుతుంది. అక్కణ్ణుంచి లెక్కంతా ఒక గడి పక్కకి జరుగుతుంది. క్యూబేసిక్‌లోనే కాదు, విజువల్ బేసిక్ 6లో కూడా రైట్ # లోపలి కొటేషన్‌ని రెట్టింపు చేయదు. భాషలో రెట్టింపు నియమం పెట్టుకుని ఫైలు దగ్గర దాన్ని మరిచిపోవడం ఏమిటో! కామాలతో విడగొట్టే సీఎస్‌వీ ఫైళ్లకి రాసుకున్న 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రంలో మాత్రం లోపలి కొటేషన్‌ని రెండుసార్లు రాయాలని స్పష్టంగా ఉంది.

కెమెరాకి అంటుకున్న నంబరు

జీడబ్ల్యూ-బేసిక్ మాన్యువల్లో ప్రింట్ # గురించి చెప్పేచోట ఉదాహరణ ఒక కెమెరా. ఏ$లో కెమెరా అన్న మాట, బీ$లో 93604-1 అన్న నంబరు. మధ్యలో సెమికోలన్ పెట్టి ఫైల్లోకి పంపితే రెండూ అతుక్కుపోయి 'కెమెరా93604-1' అవుతాయి. తిరిగి విడదీసే దారి లేదు. సెమికోలన్ బదులు కామా పెడితే కామా పడుతుందనుకుంటారు గానీ, పడేవి ఖాళీలు. ప్రింట్‌లో కామా అంటే 14 గడుల వెడల్పున్న తర్వాతి మండలానికి జరుగు అని అర్థం. ఫైల్లో నిజమైన కామా కావాలంటే దాన్ని కూడా మాటగా కొటేషన్లలో పెట్టి పంపాలి: ప్రింట్ #1, ఏ$; ","; బీ$.

అక్కడితో అయిందా? సరుకు పేరులోనే కామా ఉంటే మళ్లీ మొదటికే. అప్పుడు సీహెచ్‌ఆర్$(34) రెండు పక్కలా పెట్టాలి. ఇదంతా ఎందుకని వచ్చిందే రైట్ #. దాని బలహీనత ఏమిటో ఇప్పుడే చూశాం.

మన అడ్రసులకి బేసిక్ పెట్టిన పరీక్ష

డోర్ నంబరు, వీధి, ఊరు, జిల్లా అంటూ ఒక్క అడ్రసులో నాలుగైదు కామాలు లేకపోతే మనకి తోచదు. ఇన్‌పుట్‌తో అడ్రసు అడిగితే జీడబ్ల్యూ-బేసిక్ మొదటి కామా చూసి 'రీడూ ఫ్రమ్ స్టార్ట్' అని కసురుతుంది. కమోడోర్ 64 అయితే 'ఎక్స్‌ట్రా ఇగ్నోర్డ్' అని డోర్ నంబరు ఉంచుకుని ఊరిని పారేస్తుంది. లైన్ ఇన్‌పుట్ వాడితే కామాలు, కొటేషన్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు, లైను చివరిదాకా వస్తాయి. ఫైలు నుంచి చదివేటప్పుడు కూడా లైన్ ఇన్‌పుట్ #1 అంత భద్రమైనది ఇంకొకటి లేదు. ఒక లైనుకి ఒక అంశం చొప్పున రాసి, లైను లైనుగా చదువుకుంటే సగం తలనొప్పులు పోతాయి.

ముందు ఖాళీ

అంకెని మాటగా మార్చే ఎస్‌టీఆర్$(5) విలువ '5' కాదు, ముందు ఒక ఖాళీతో ' 5'. మైనస్ గుర్తు వస్తే కూర్చోవడానికి వదిలిన చోటు అది. అంకెని కలిపి ఫైలు పేర్లు తయారు చేసేవాళ్లు ఈ ఖాళీకి దొరికిపోయేవారు. జీడబ్ల్యూ-బేసిక్‌లో దీనికి ఎంఐడీ$(ఎస్‌టీఆర్$(ఎన్),2) అన్న చిట్కా అందరి నోట్లోనూ ఉండేది.

బ్యాక్‌స్లాష్ దగ్గర మాత్రం బేసిక్‌దే పైచేయి

డాస్‌లో 'సీ:\న్యూ\టేబుల్' అనే దారిని ఇంగ్లిష్ అక్షరాల్లో సీ భాషకిస్తే, స్లాష్ పక్కనున్న ఎన్ చూసి కొత్త లైను, టీ చూసి ట్యాబ్ వేసేస్తుంది. బేసిక్‌కి బ్యాక్‌స్లాష్ మామూలు అక్షరం, కాబట్టి అలాగే రాస్తుంది. దాని నంబరు 92. అదే 92 జపాన్ కంప్యూటర్లలో యెన్ గుర్తుగా కనిపించేది, కమోడోర్ 64లో బ్రిటిష్ పౌండ్ గుర్తుగా. బీబీసీ మైక్రోలో పౌండ్ గుర్తుది 96. ఒకే అంకెకి ఊరికో వేషం.

13, 10: జంట ఎలా కలిసింది

డాస్ బేసిక్‌లో ప్రింట్ #1 ప్రతి లైను చివరా కంటికి కనబడని రెండు బైట్లు వేస్తుంది, 13 తర్వాత 10. ఇవి టెలిటైప్ యంత్రాల నాటివి. 13 అంటే అచ్చు వేసే తలని ఎడమ అంచుకి లాక్కురా, 10 అంటే కాగితాన్ని ఒక లైను పైకి జరుపు. టెలిటైప్ మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. తల కుడి చివరనుంచి ఎడమ చివరకి రావడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలేది కాదు. ముందు 13 పంపి తర్వాత 10 పంపితే, కాగితం జరిగేలోపు తల ఇంటికి చేరేది. యూనిక్స్ 10 ఒక్కటే ఉంచుకుంది, పాత మ్యాకింటాష్ 13 ఒక్కటే ఉంచుకుంది. డాస్, విండోస్ రెండింటినీ మోస్తున్నాయి. అటారీ 8-బిట్ కంప్యూటర్లు ఇవేవీ కాదని లైను ముగింపుకి 155 పెట్టుకున్నాయి.

ఆ టెలిటైప్ యంత్రాల్లో సీహెచ్‌ఆర్$(7)కి నిజంగానే లోపల గంట మోగేది. పీసీలో అది బీప్ అయింది. ఇక 127ది చక్కటి కథ. పేపర్ టేపు మీద ఏడు చిల్లులూ పొడిస్తే వచ్చేది 127. టేపు మీద పొడిచిన చిల్లును పూడ్చలేం కదా, అందుకని తప్పు కొడితే అక్కడ అన్ని చిల్లులూ పొడిచేసేవారు. చదివే యంత్రం దాన్ని వదిలేసి ముందుకి పోయేది. డిలీట్ అంటే చెరపడం కాదు, మొత్తం పొడిచేయడం.

కంటికి కనబడని డీ

ఆపిల్ టూలో డాస్‌కి ఫైలు తెరవమని చెప్పాలంటే వేరే ఆజ్ఞ లేదు, ప్రింటే. ప్రింట్ చేసే మాట ముందు సీహెచ్‌ఆర్$(4), అంటే కంట్రోల్-డీ ఉంటే, అది స్క్రీన్‌కి కాదు డిస్క్‌కి అని లెక్క. అందుకే ఆ రోజుల ఆపిల్ ప్రోగ్రాములన్నింటిలో డీ$ = సీహెచ్‌ఆర్$(4) అన్న లైను తప్పనిసరి. ఆ 4 లైను మొదట్లోనే రావాలి. ముందు లైను సెమికోలన్‌తో ముగిసిందా, ఆజ్ఞ కాస్తా మామూలు మాటై స్క్రీన్ మీద పడేది. ఆ భయంతో కొందరు 13ని కూడా కలిపి దాచుకునేవారు.

అంతకు ముందు స్టీవ్ వోజ్నియాక్ రాసిన ఇంటీజర్ బేసిక్‌లో సీహెచ్‌ఆర్$ అన్నదే లేదు. కొటేషన్ల మధ్య నేరుగా కంట్రోల్-డీ నొక్కాలి. లిస్టింగ్‌లో చూస్తే రెండు కొటేషన్ల నడుమ ఏమీ కనబడదు. అందుకని పక్కనే రిమార్కుగా 'ఇక్కడ కంట్రోల్-డీ ఉంది' అని రాసుకునేవారు. పత్రికలో చూసి ఎక్కించుకునేవాడికి ఆ రిమార్కే దిక్కు.

తిరగేసిన హృదయం అంటే స్క్రీన్ తుడిచెయ్యి

కమోడోర్‌లో కొటేషన్ గుర్తు నొక్కగానే కీబోర్డు తీరే మారిపోతుంది. బాణం కీలు కర్సర్‌ని జరపవు, మాటలోకి చిత్రమైన గుర్తులుగా వచ్చి కూర్చుంటాయి. స్క్రీన్ తుడిచే కీ నొక్కితే రంగులు తిరగబడిన హృదయం గుర్తు పడుతుంది. ఆ మాటని ప్రింట్ చేసినప్పుడు హృదయం కనబడదు, స్క్రీన్ తుడుచుకుపోతుంది. వీటిని అచ్చులో చూపించలేక కంప్యూట్! పత్రిక మీసాల బ్రాకెట్లలో మాటలుగా రాసేది.

కమోడోర్‌లోనే ఇంకో చిలిపి పని. గెట్ #తో ఫైలు నుంచి ఒక్కో బైటు తీసేటప్పుడు 0 వస్తే, ఇది ఖాళీ మాట చేతిలో పెట్టేది. అక్షరం నంబరు చెప్పేది ఏఎస్‌సీ, ఖాళీ మాటకి దాన్ని అడిగితే ఎర్రర్. కాబట్టి అనుభవజ్ఞులు ఏఎస్‌సీ(ఏ$+సీహెచ్‌ఆర్$(0)) అని రాసేవారు. ఉన్న అక్షరానికి వెనక సున్నా తగిలిస్తే నష్టం లేదు, లేనప్పుడు ఆ సున్నాయే జవాబు. బేసిక్‌లో నాకు బాగా నచ్చిన చిట్కాల్లో ఇదొకటి.

సీహెచ్‌ఆర్$ మీద ఏకంగా పుస్తకమే వచ్చింది. 2012లో ఎంఐటీ ప్రెస్ వేసిన ఆ పుస్తకం పేరే ఒక లైను కమోడోర్ ప్రోగ్రాం. 205.5కి ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపి సీహెచ్‌ఆర్$కిస్తే, భిన్నం రాలిపోయి 205 గానీ 206 గానీ మిగులుతుంది. ఆ రెండూ ఏటవాలు గీతలు, ఒకటి ఇటు, ఒకటి అటు. అవే పడుతూ పోతే స్క్రీన్ నిండా పద్మవ్యూహం.

వెనకనుంచి రాసే బేసిక్

1984-85లో మన దేశంలో క్లాస్ పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలైనప్పుడు వచ్చినవి బీబీసీ మైక్రోలు. వాటి ప్రింట్ # తీరు మిగతా అందరికీ వేరు. మాటని ఫైల్లో వేసేటప్పుడు ముందు 0 (ఇది మాట అని చెప్పడానికి), తర్వాత పొడవు, ఆ తర్వాత అక్షరాలు చివరి నుంచి మొదటికి. ఇంగ్లిష్‌లో రామా అని ఆర్-ఏ-ఎం-ఏ రాస్తే ఫైల్లో 0, 4, తర్వాత ఏ-ఎం-ఏ-ఆర్. ఫైలు లోపలికి తొంగిచూసిన విద్యార్థికి రాముడు 'అమర్' అయి కనిపిస్తాడు.

పొడవు ముందే రాసుకున్నారు కాబట్టి లోపల కామా ఉన్నా, కొటేషన్ ఉన్నా, 13 ఉన్నా దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ పిట్టకథలన్నింటిలో సరైన ఉపాయం చేసింది ఇదొక్కటే. కాకపోతే ఆ ఫైలుని వేరే ప్రోగ్రాం దేనికిచ్చినా తెల్లమొహం వేస్తుంది.

27తో మొదలయ్యే మాటలు

ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి సీహెచ్‌ఆర్$(27) పంపి వెనకే పెద్ద 'ఈ' పంపితే అక్షరాలు దళసరిగా పడతాయి, 'ఎఫ్' పంపితే మామూలుగా. ఒక్క 15 పంపితే అక్షరాలు సన్నబడి పేజీలో ఎక్కువ పడతాయి, 18 పంపితే మళ్లీ మామూలే. ఈ మర్మాలన్నీ తెలిసి బొమ్మలు అచ్చు వేయబోతే బేసిక్ ఒక అడ్డుపుల్ల వేసేది. 80 అక్షరాలయ్యాయని లెక్కేసుకుని మధ్యలో తనే 13, 10 దూర్చేసేది. అడ్డంగా చీలిన బొమ్మ వచ్చేది. విడ్త్ ఆజ్ఞతో ప్రింటర్ వెడల్పు 255 అని చెబితే ఇక వేలు పెట్టదు.

26: ఇక చాలు

గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టంలో ఫైలు పొడవు 128 బైట్ల కట్టల్లోనే తెలిసేది. ఆఖరి కట్టలో అసలు సరుకు ఎంతవరకో తెలియడానికి అక్షరాల చివర 26, అంటే కంట్రోల్-జెడ్ పెట్టేవారు. డాస్‌కి ఒక్కో బైటుతో సహా కచ్చితమైన పొడవు తెలుసు, అయినా ఆ అలవాటు వదల్లేదు. జీడబ్ల్యూ-బేసిక్ ఫైలు మూసేటప్పుడు చివర 26 వేస్తుంది. చదివేటప్పుడు ఎక్కడ 26 కనబడితే అక్కడ, ఫైలు అయిపోయిందా అని అడిగే ఈఓఎఫ్ నిజమైపోతుంది. ఆ తర్వాత ఇంకా ఎన్ని వేల బైట్లున్నా సరే, చదవబోతే 62వ నంబరు ఎర్రర్, 'ఇన్‌పుట్ పాస్ట్ ఎండ్'. క్యూబేసిక్‌లో ఫైలుని బైనరీగా తెరిచి గెట్‌తో బైటు బైటుగా చదివితేనే 26ని దాటుకుని పోగలం.

ఇక పచ్చడి సంగతి

పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు కొట్టి సేవ్ చేసేటప్పుడు 'యూనికోడ్' అని ఎంచుకుంటే అది యూటీఎఫ్-16 పద్ధతిలో, అక్షరానికి రెండేసి బైట్లు రాస్తుంది. తెలుగుకి యూనికోడ్‌లో కేటాయించిన చోటు 3072 నుంచి మొదలు. అంటే రెండు బైట్లలో పెద్దది ఎప్పుడూ 12. చిన్నది అక్షరాన్ని బట్టి మారుతుంది. ఆ చిన్న బైట్ల వరసలో బేసిక్‌కి భయంకరమైన అంకెలన్నీ ఉన్నాయి:

ఇ 7, అంటే గంట. ఊ 10, అంటే కొత్త లైను. చ 26, అంటే ఫైలు ముగింపు. ఛ 27, అంటే ప్రింటర్‌ని లేపే ఎస్కేప్. ఢ 34, అంటే కొటేషన్. బ 44, అంటే కామా.

ఇప్పుడు ఆ ఫైల్లో 'పచ్చడి' అని ఒక్క మాట ఉందనుకుందాం. క్యూబేసిక్‌లో మామూలుగా ఇన్‌పుట్ కోసం తెరిస్తే ఏమవుతుంది? ముందు 255, 254 అని రెండు గుర్తు బైట్లు. తర్వాత 42, 12. అది 'ప'. తర్వాత 26. అంతే, కథ కంచికి. డిస్కు మీద ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా బేసిక్ లెక్కలో అది 'ప' దగ్గరే ముగిసిపోయింది.

'ఆవకాయ'కి ఈ బాధ లేదు. దాని చిన్న బైట్లు 6, 53, 21, 62, 47, వాటిలో ఏదీ బేసిక్‌ని అడ్డుకునేది కాదు. 'బెల్లం' అంటే మొదటి అక్షరంలోనే కామా. 'ఢంకా' కొడితే ముందు కొటేషన్ తెరుచుకుంటుంది. 'ఊరగాయ' కొత్త లైనుతో మొదలు. 13 మాత్రం మనకి కలిసొచ్చింది. తెలుగు పట్టికలో ఆ గడి ఖాళీ, అక్కడ ఏ అక్షరమూ లేదు.

ఆ ఫైలునే ఉన్నదున్నట్టు పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పంపితే ఇంకా వినోదం. ప్రతి తెలుగు అక్షరంలోనూ 12 ఉంది. ప్రింటర్‌కి 12 అంటే పేజీ మార్చు. ప, చ, పొల్లు, చ, డ, గుడి: పచ్చడి అన్న ఒక్క మాటకి ఆరు కాగితాలు.

పక్కింటివాళ్ల లిపులు

భారతీయ లిపులన్నింటికీ యూనికోడ్‌లో ఒకే వరస, ఒక్కోదానికి 128 గడులు. కాబట్టి వంతు ఒకటి విడిచి ఒకటి పడింది. హిందీ, పంజాబీ, ఒడియా, తెలుగు, మలయాళాల్లో 'చ' చిన్న బైటు 26. బెంగాలీ, గుజరాతీ, తమిళం, కన్నడం రెండో సగంలో పడ్డాయి కాబట్టి అక్కడ అది 154, ఏ ప్రమాదమూ లేదు. మన లిపికి అంత దగ్గరి చుట్టమైన కన్నడం తప్పించుకుంది, మనం దొరికిపోయాం! పెద్ద బైట్లు చూస్తే హిందీలో ప్రతి అక్షరానికీ 9, అంటే ఒక ట్యాబ్. పంజాబీకి 10, కొత్త లైను. మలయాళానికి 13, తలని ఎడమకి లాగడం. పేజీలు మార్చే పని మాత్రం తెలుగు, కన్నడాలు రెండూ పంచుకున్నాయి.

యూనికోడ్‌ని బైట్లుగా రాసే ఇంకో పద్ధతి యూటీఎఫ్-8లో ఈ తిప్పలు లేవు. 1992 సెప్టెంబరులో న్యూ జెర్సీలో ఒక హోటల్లో భోజనాల బల్ల దగ్గర కెన్ థామ్సన్, రాబ్ పైక్‌తో మాట్లాడుతూ కంచం కింద వేసే కాగితం మీద ఈ పద్ధతి గీశాడు. ఇంగ్లిష్ కానిదేదైనా సరే, అందులో ప్రతి బైటూ 128, ఆ పైనే. కామా, కొటేషన్, 26 పొరపాటున పుట్టే అవకాశమే లేదు. అంతకు ముందే మన దేశ ప్రమాణం ఇస్కీ కూడా ఇంగ్లిష్ సగాన్ని ముట్టుకోకుండా భారతీయ లిపులన్నింటినీ పై సగంలో పెట్టింది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీ-డ్యాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డు పాత డాస్ ప్రోగ్రాముల్లో తెలుగు చూపించగలిగింది అందువల్లే.

త అంటే మూడు బొమ్మలు

యూటీఎఫ్-8లో 'త' మూడు బైట్లు: 224, 176, 164. డాస్ స్క్రీన్ మీద ఇవి ఒక గ్రీకు ఆల్ఫా, చుక్కల గడి, నెత్తిన అలున్న స్పానిష్ ఎన్. ఏ తెలుగు అక్షరమైనా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. తెలుగు ఫైలుని డాస్‌లో తెరిస్తే ఆల్ఫాలు, చుక్కల గడులు బారులు తీరేది ఇందుకే.

జీడబ్ల్యూ-బేసిక్‌లో ఒక మాట 255 బైట్లు దాటకూడదు. మూడేసి చొప్పున 85 తెలుగు అంశాలు, అందులో గుణింతం గుర్తులు, పొల్లులు కూడా లెక్కే. ర్యాండమ్ ఫైల్లో పేరుకి 20 బైట్లు కేటాయిస్తే 'తెలుగు' 18 బైట్లతో హాయిగా పడుతుంది. 'తెలంగాణ'కి 21 కావాలి. చివరి 'ణ'లో ఒక్క బైటు తెగిపోయి, మిగిలిన రెండూ ఏ అక్షరమూ కాకుండా పోతాయి. 'ఆంధ్రప్రదేశ్'కి ఏకంగా 36.

ప్రశ్నార్థకాల వాన

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 లోపల మాటలన్నీ యూనికోడే. కానీ ప్రింట్ #1తో ఫైల్లో వేసేటప్పుడు విండోస్ పాత కోడ్‌పేజీలోకి మార్చి రాస్తుంది. తెలుగుకి అలాంటి కోడ్‌పేజీ ఏదీ లేదు. కాబట్టి 'తెలుగు' కాస్తా '??????'. ఎక్సెల్ మ్యాక్రోల్లో ఇప్పటికీ ఇదే జరుగుతోంది, ప్రతి కొత్త తరమూ ఫాంటు తప్పనుకుని ఫాంటు మారుస్తోంది. ఫాంటు ఏం చేస్తుంది పాపం, ఫైల్లో ఉన్నవే 63లు. అసలు అక్షరం రాసేటప్పుడే పోయింది, ఇక తిరిగి రాదు.

విజువల్ బేసిక్ ఎడిటర్‌లో తెలుగు కొట్టినా ప్రశ్నార్థకాలే పడతాయి. అందుకని నంబర్లతో పిలవాలి. 'తెలుగు' రావాలంటే, యూనికోడ్ నంబరుని అక్షరంగా మార్చే సీహెచ్‌ఆర్‌డబ్ల్యూకి వరసగా 3108, 3142, 3122, 3137, 3095, 3137 ఇచ్చి కలపాలి. అలా కూర్చిన మాటని ప్రింట్ # కాకుండా ఏడీఓడీబీ స్ట్రీమ్ అనే వస్తువుకిచ్చి, అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పి సేవ్ చేయిస్తే ఫైలు సుబ్బరంగా వస్తుంది. అది మొదట్లో 239, 187, 191 అని మూడు బైట్లు తనే చేరుస్తుంది. సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్ తెరిచినప్పుడు తెలుగుని తెలుగుగా గుర్తుపట్టేది ఆ మూడింటిని చూసే. అదే ఫైలుని పాత పద్ధతిలో లైన్ ఇన్‌పుట్‌తో చదివితే మాత్రం మొదటి పేరు ముందు ఆ మూడూ చెత్తలా అంటుకుని వస్తాయి. కోసేయడం మన పని.

వంకర కొటేషన్లు

వర్డ్‌లో రాసుకున్న ప్రోగ్రాంని బేసిక్‌లోకి అతికిస్తే లైన్లన్నీ ఎర్రబడతాయి. వర్డ్ నిటారు కొటేషన్లని అందంగా వంచేస్తుంది కదా, అవి విండోస్ పట్టికలో 147, 148. బేసిక్‌కి తెలిసింది 34 ఒక్కటే.

సాఫ్ట్‌వేర్‌లో దాక్కున్న గుర్తు

తెలుగులో 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా దిగకుండా ఉండాలంటే మధ్యలో కనబడని గుర్తు ఒకటి కొట్టాలి. దాని నంబరు 8204, వెడల్పు సున్నా, యూటీఎఫ్-8లో బైట్లు మూడు. అది ఉంటే మాట 33 బైట్లు, లేకపోతే 30. ఫైల్లో ఒకరు గుర్తుతో, ఒకరు గుర్తు లేకుండా రాస్తే బేసిక్ పోలికలో అవి రెండు వేర్వేరు మాటలు. ట్రిమ్ దీన్ని తీయదు, దానికి తెలిసింది 32వ నంబరు ఖాళీ ఒక్కటే. ఫైల్లోంచి పూర్తిగా పీకేద్దామంటే మాట 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. కాబట్టి ఫైల్లో ఉన్నది అలాగే ఉంచి, పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా రీప్లేస్‌తో సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ(8204)ని తీసేసి చూడాలి.